బ్లాంకెట్, అయస్కాంత కాయిల్: వేరుగా ఉంచాలా, ఒక్కటిగా కలపాలా? సంలీన రియాక్టర్ రూపకల్పనలో ఒక పోలిక

డ్యూటీరియం, ట్రిటియం కేంద్రకాలు సంలీనం చెందినప్పుడు వెలువడే 17.6 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిలో 14.1 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులను న్యూట్రాన్ తీసుకుపోతుంది. విద్యుదావేశం లేని ఆ కణాన్ని ఏ అయస్కాంత క్షేత్రమూ ఆపలేదు కాబట్టి ప్లాస్మా (సంలీనం జరిగే అతి వేడి విద్యుదావేశ వాయువు) చుట్టూ బ్లాంకెట్ అనే మందపాటి పొరను అమర్చి, న్యూట్రాన్లను అందులోనే నిలువరించి, పుట్టిన వేడిని టర్బైన్ వైపు పంపాలి. అదే పొరలోని లిథియం నుంచి ట్రిటియం తయారు కావాలి, వెనుక ఉన్న అయస్కాంతాలకు రేడియేషన్ తగలకుండా చూసే పనిలోనూ ఆ పొరే ముందు నిలవాలి. ప్లాస్మాను పట్టి ఉంచే కాయిళ్లు ఇంత మందం దాటి, దూరంగా ఉండిపోతాయి. ఈ రెండు వ్యవస్థలను ఎంతవరకు కలపవచ్చన్న ప్రశ్న నలభై ఏళ్లుగా రూపకర్తల ముందు ఉంది. అధిక ఉష్ణోగ్రత అతివాహకాలు (విద్యుత్తును నిరోధం లేకుండా మోసే పదార్థాలలో ఒక రకం) అందుబాటులోకి వచ్చాక అది మళ్లీ ముందుకు వచ్చింది.

నా అభిప్రాయం మొదటే చెబుతాను. కలపడం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు విడిగా జవాబు లేదు. ఆ కాయిల్ ఎంత క్షేత్రాన్ని పుట్టించాలి అన్న ఒక్క సంఖ్యే జవాబులో ఎక్కువ భాగాన్ని నిర్ణయిస్తుంది.

## ఎంపికకు ముందు చూడవలసిన కొలమానాలు

మొదటిది దూరం. ప్లాస్మాను వలయాకారంలో పట్టి ఉంచే టోకమాక్ యంత్రంలో టొరాయిడల్ క్షేత్రం, అంటే వలయం పొడవునా తిరిగే క్షేత్రం, మధ్య అక్షం నుంచి దూరం పెరిగేకొద్దీ అదే నిష్పత్తిలో తగ్గుతుంది. ఫ్రాన్స్‌లోని కాదరాష్‌లో నిర్మాణంలో ఉన్న అంతర్జాతీయ ప్రయోగాత్మక టోకమాక్ ఈటర్‌లో కాయిల్ దగ్గర గరిష్ఠ క్షేత్రం 11.8 టెస్లా అయితే, 6.2 మీటర్ల దూరంలోని ప్లాస్మా మధ్యభాగానికి చేరేసరికి అది 5.3 టెస్లాకు పడిపోతుంది. ఈ రెండు సంఖ్యలనుంచి లెక్కిస్తే కాయిల్‌కు ప్లాస్మా వైపు అంచు అక్షానికి దాదాపు 2.8 మీటర్ల దూరంలో ఉందని తేలుతుంది, ప్లాస్మా లోపలి అంచు 4.2 మీటర్ల దూరంలో ఉంటుంది. అంటే మధ్యలో సుమారు 1.4 మీటర్ల జాగా బ్లాంకెట్, కవచం, వ్యాక్యూమ్ వెసెల్ వంటివాటికే సరిపోతోంది. కాయిల్ తట్టుకోగల గరిష్ఠ క్షేత్రాన్ని మార్చకుండా ఆ జాగాను సగం చేయగలిగామని అనుకుంటే ప్లాస్మా మధ్యలో 6.6 టెస్లా వస్తుంది. బీటా, అంటే అయస్కాంత పీడనంతో ప్లాస్మా పీడనపు నిష్పత్తి, మారకపోతే సంలీన శక్తి సాంద్రత క్షేత్రం యొక్క నాలుగో ఘాతంతో పెరుగుతుంది కాబట్టి అది దాదాపు రెండున్నర రెట్లు అవుతుంది. ఈ విషయంలో ఇంత శ్రమ పడటానికి కారణం ఆ డెబ్బై సెంటీమీటర్లే.

రెండవది ఆంపియర్-చుట్ల సంఖ్య, అంటే విద్యుత్తును కాయిల్ చుట్ల సంఖ్యతో గుణిస్తే వచ్చేది. మీటర్లలో ప్రధాన వ్యాసార్థాన్నీ (అక్షం నుంచి ప్లాస్మా మధ్యభాగానికి ఉన్న దూరాన్ని) టెస్లాలలో క్షేత్రాన్నీ గుణించి, దానిని యాభై లక్షలతో హెచ్చిస్తే టొరాయిడల్ కాయిళ్లన్నిటిలో కలిపి ప్రవహించవలసిన విద్యుత్తు ఆంపియర్లలో వస్తుంది. ఈటర్‌కు అది సుమారు 16.4 కోట్ల ఆంపియర్లు. నిరోధం ఉన్న వాహకంలో నష్టం ఈ సంఖ్య వర్గానికి అనులోమంగా పెరుగుతుంది కాబట్టి, ఏ రూపకల్పననైనా తూచడానికి ముందు ఈ లెక్క కట్టడం అలవాటు చేసుకోవాలి.

మూడవది యాంత్రిక బలం. అయస్కాంత పీడనం క్షేత్ర వర్గానికి అనుపాతంగా పెరుగుతుంది. అర టెస్లా లోపు అది వాతావరణ పీడనాన్ని మించదు. 12 టెస్లాల దగ్గర దాదాపు 57 మెగాపాస్కల్స్, 23 టెస్లాల దగ్గర 210 మెగాపాస్కల్స్ అవుతుంది. ఘన వాహకమైతే ఈ బలాన్ని ఉక్కు కేసింగ్ మోస్తుంది. వాహకం ద్రవమైతే అది పాత్ర గోడల మీద పీడనంగా మారుతుంది.

నాలుగవది ద్రవలోహం కదలికకు క్షేత్రం కలిగించే అడ్డు. వాహక ద్రవం క్షేత్ర రేఖలకు అడ్డంగా ప్రవహిస్తే దానిలోనే విద్యుత్తు పుట్టి ప్రవాహానికి ఎదురు నిలుస్తుంది, పంపుల మీద భారం పెరుగుతుంది. రేఖల వెంట ప్రవహిస్తే ఈ అడ్డు చాలావరకు ఉండదు.

ఐదవది ట్రిటియం లెక్క. వెయ్యి మెగావాట్ల సంలీన శక్తితో ఒక ఏడాది పూర్తిగా నడిచే రియాక్టర్ 56 కిలోల వరకు ట్రిటియంను ఖర్చు చేస్తుంది. దాని అర్ధాయువు 12.3 ఏళ్లే కాబట్టి కొని నిల్వ చేసుకోవడం కుదరదు, ఖర్చయిన ప్రతి పరమాణువుకు ఒకటికి పైగా అక్కడే పుట్టాలి. బ్లాంకెట్ స్థలంలో చొప్పించే ప్రతి రాగి ముక్క, ప్రతి ఉక్కు గోడ ఈ లెక్కలోంచి న్యూట్రాన్లను తినివేస్తాయి. చివరిగా మరమ్మతు. న్యూట్రాన్ల దెబ్బకు మొదటి గోడ కొన్నేళ్లకే మార్చవలసి వస్తుంది. దానితో పాటు కాయిల్‌ను కూడా తీయవలసి వస్తే ఖర్చు ఏమవుతుందో రూపకల్పన దశలోనే ఆలోచించాలి.

## మొదటి మార్గం: రెండిటినీ పూర్తిగా వేరు చేయడం

ఈటర్‌తో పాటు ఐరోపా ప్రతిపాదిస్తున్న విద్యుత్ కేంద్రం డెమో వంటి ప్రణాళికలు నడుస్తున్న దారి ఇదే. నియోబియం-టిన్ అతివాహక కాయిళ్లను అతిశీతల స్థితిలో ఉంచి, వాటికీ ప్లాస్మాకూ మధ్య బ్లాంకెట్, కవచం, వ్యాక్యూమ్ వెసెల్‌లను వరుసగా పేర్చుతారు. ప్రతి వ్యవస్థకూ దాని పదార్థాన్ని దానికి తగినట్టు ఎంచుకోవచ్చు. ఒక భాగంలో లోపం కనిపిస్తే దానిని విడిగా పరీక్షించవచ్చు. గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధనా సంస్థ రూపొందించిన సీసం-లిథియం, పింగాణీ గుళికల మిశ్రమ బ్లాంకెట్ కూడా ఈ కోవలోనిదే. దానికి కావలసిన, రేడియోధార్మికత తక్కువగా మిగిల్చే ఉక్కును హైదరాబాద్‌లోని మిశ్రలోహాల సంస్థ మిధానీలో తయారు చేశారన్నది తెలుగు పాఠకులకు దగ్గరి సంగతి.

ఈ మార్గపు మూల్యం పరిమాణం రూపంలో పడుతుంది. అతివాహకానికి చేరే వేగ న్యూట్రాన్ల మొత్తం చదరపు సెంటీమీటరుకు సుమారు పదికి పద్దెనిమిదో ఘాతం సంఖ్య దగ్గరే హద్దు పెట్టుకోవాలి కాబట్టి కవచాన్ని ఇష్టానుసారం పలుచన చేయలేం. టంగ్‌స్టన్ కార్బైడ్, లోహ హైడ్రైడ్‌ల వంటి మెరుగైన కవచాలు కొన్ని సెంటీమీటర్లు ఆదా చేస్తాయి తప్ప లెక్కను మార్చవు.

## రెండవ మార్గం: ద్రవ ఉప్పు తొట్టి, విడదీయగల కాయిళ్లు

ఇది సగం కలయిక. 2015లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎంఐటీ) బృందం ప్రతిపాదించిన ఆర్క్ రూపకల్పనలో వ్యాక్యూమ్ వెసెల్ మొత్తాన్ని ఫ్లైబ్ అనే కరిగిన ఉప్పు తొట్టిలో ముంచుతారు. లిథియం, బెరీలియం ఫ్లోరైడ్‌ల మిశ్రమమైన ఈ ఉప్పు న్యూట్రాన్ల వేగాన్ని తగ్గిస్తుంది, బెరీలియం వల్ల వాటి సంఖ్యను పెంచుతుంది, ట్రిటియంను పుట్టిస్తుంది, వేడిని మోసుకుపోతుంది. కవచం పనిలో పెద్ద భాగం కూడా అదే చేస్తుంది. ఇన్ని పనులు ఒకే ద్రవంలో కలిశాయి, విద్యుత్తును మోయడమనే పని మాత్రం విడిగా రెబ్కో అనే అధిక ఉష్ణోగ్రత అతివాహకపు టేపులతో చుట్టిన అతివాహక కాయిళ్లకు మిగిలింది. ఆ కాయిళ్లు కీళ్ల దగ్గర విడిపోతాయి కాబట్టి పైభాగాన్ని ఎత్తి వ్యాక్యూమ్ వెసెల్‌ను ఒకే ముక్కగా బయటికి తీయవచ్చు.

ఈ రూపకల్పనలో ప్రధాన వ్యాసార్థం 3.3 మీటర్లు, ప్లాస్మా మధ్యలో క్షేత్రం 9.2 టెస్లా, కాయిల్ దగ్గర గరిష్ఠంగా 23 టెస్లా, సంలీన శక్తి 525 మెగావాట్లు. మొత్తం ఆంపియర్-చుట్లు సుమారు 15 కోట్లు, అంటే ఈటర్‌తో దాదాపు సమానం. అంత విద్యుత్తును ఇంత చిన్న వలయంలో ఇమడ్చగలగడం పూర్తిగా అతివాహకపు చలవ. 2021 సెప్టెంబరులో కామన్‌వెల్త్ ఫ్యూజన్ సిస్టమ్స్ అనే కంపెనీ, ఎంఐటీ కలిసి ఇటువంటి టేపులతో చేసిన పెద్ద కాయిల్‌ను 20 టెస్లాల వరకు నడిపి చూపడంతో ఈ మార్గానికి ప్రయోగాత్మకమైన పునాది ఒకటి ఏర్పడింది.

ఫ్లైబ్ విద్యుత్ వాహకత ద్రవ లిథియం కన్నా వేల రెట్లు తక్కువ. బలమైన క్షేత్రంలోనూ దానిని పంపు చేయడం సులభం కావడానికి కారణం అదే, దానిని కాయిల్‌గా వాడలేకపోవడానికీ కారణం అదే. ఒకే గుణం ఒక కలయికకు తలుపు తెరుస్తూ మరొక కలయికకు తలుపు మూస్తుందన్న ఈ విషయాన్ని కొత్తగా రూపకల్పన మొదలుపెట్టేవారు గుర్తించాలి. ఇబ్బందులు కూడా ఉన్నాయి. ఫ్లైబ్ 459 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది. బెరీలియం విషపదార్థం. ట్రిటియం ఫ్లోరైడ్ వల్ల లోహం తుప్పు పట్టకుండా ఉప్పు రసాయన స్థితిని నిరంతరం అదుపులో ఉంచాలి. కీళ్ల దగ్గర పుట్టే కొద్దిపాటి వేడిని కూడా అతిశీతల వ్యవస్థే మోయాలి.

## మూడవ మార్గం: ప్లాస్మా పక్కనే రాగి కాయిల్, దాని వెనుక బ్లాంకెట్

వరుసను తారుమారు చేసే ఈ ఆలోచన 1970ల చివర రాబర్ట్ బుస్సార్డ్ బృందం ప్రతిపాదించిన రిగ్గాట్రాన్‌లో కనిపిస్తుంది. కాయిల్ ప్లాస్మాకు అంటుకున్నట్టు ఉంటుంది కాబట్టి దూరం వల్ల వచ్చే నష్టం తప్పుతుంది. కానీ రాగిలో న్యూట్రాన్లు కొంత చిక్కుకుని ట్రిటియం తగ్గుతుంది, రాగి నికెల్‌గా, జింక్‌గా మారుతూ పోయేకొద్దీ నిరోధం పెరుగుతుంది, కాయిల్‌ను తరచుగా మార్చాలి. ఆ యంత్రం నిర్మాణానికి నోచుకోలేదు. విద్యుత్ కేంద్రంగా దీనిని నేను సూచించను. మధ్య స్తంభానికి బ్లాంకెట్ చోటే లేని గోళాకార టోకమాక్ పరీక్షా యంత్రాలలో మాత్రం ఈ ఆలోచనకు ఇంకా స్థానం ఉంది.

## నాలుగవ మార్గం: బ్లాంకెట్టే కాయిల్

సంపూర్ణ కలయిక ఇదే. 1985లో అమెరికాలోని రెన్‌సెలర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన డాన్ స్టైనర్, సహచరులు సమగ్ర బ్లాంకెట్-కాయిల్ అనే భావనను ముందుకు తెచ్చారు. ద్రవ లిథియం ట్రిటియంను పుట్టిస్తుంది, వేడిని మోస్తుంది. అది లోహం కాబట్టి విద్యుత్తును కూడా మోయగలదు. గొట్టాలలో ప్రవహిస్తున్న లిథియంలోకే విద్యుత్తును పంపి అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తే విడిగా కాయిల్ అవసరం ఉండదు, కాయిల్‌కు కవచమూ అవసరం ఉండదు, రేడియేషన్ వల్ల పాడయ్యే స్ఫటిక నిర్మాణమూ ఆ ద్రవంలో ఉండదు.

ఎంతో సొగసైన ఆలోచన, కానీ ఎక్కడ వాడాలో లెక్కలే చెప్పాలి. రియాక్టర్ ఉష్ణోగ్రతల దగ్గర లిథియం నిరోధకత గది ఉష్ణోగ్రతలోని రాగికన్నా సుమారు ఇరవై రెట్లు ఎక్కువ. ఈటర్ పరిమాణంలో ప్లాస్మాను చుట్టి అరవై సెంటీమీటర్ల మందంగల లిథియం పొర ఉందనుకుని, అందులో విద్యుత్తు నడిచే దారి పొడవు ఇరవై మీటర్లు అనుకుంటే, 16.4 కోట్ల ఆంపియర్లకు వేడి రూపంలో పోయే శక్తి దాదాపు 8,000 మెగావాట్లు అవుతుంది. ఈటర్ లక్ష్యంగా పెట్టుకున్న సంలీన శక్తి 500 మెగావాట్లే. కాబట్టి పెద్ద క్షేత్రపు టోకమాక్‌లో టొరాయిడల్ కాయిల్‌గా లిథియం పనికిరాదు. లిథియానికి బదులు సీసం-లిథియం మిశ్రమాన్ని వాడితే నిరోధకత మరో నాలుగు రెట్లు పెరుగుతుంది.

ఇదే లెక్కను రివర్స్‌డ్ ఫీల్డ్ పించ్ అనే మరో రకం వలయాకార యంత్రానికి కట్టి చూడండి. 1980ల చివర కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, లాస్ ఏంజెలెస్ నాయకత్వంలో జరిగిన టైటాన్ అధ్యయనంలో ప్రధాన వ్యాసార్థం 3.9 మీటర్లు. ప్లాస్మా అంచు దగ్గర టొరాయిడల్ క్షేత్రం 0.4 టెస్లా లోపే, ఎందుకంటే ఈ యంత్రంలో ప్లాస్మాను పట్టి ఉంచే క్షేత్రంలో ఎక్కువ భాగం ప్లాస్మాలోని విద్యుత్తే పుట్టిస్తుంది. ఆంపియర్-చుట్లు 78 లక్షలకు మించవు. అర మీటరు మందపు లిథియం పొరకు నష్టం పది మెగావాట్లకు అటూ ఇటూ తేలుతుంది. లోహపు గోడలు ఆక్రమించే చోటును లెక్కలోకి తీసుకుంటే ఇంకొంత పెరిగినా, వెయ్యి మెగావాట్ల శ్రేణి విద్యుత్ కేంద్రానికి అది భారం కాదు. పైగా ఆ వేడి లిథియంలోనే పుడుతుంది కాబట్టి కొంత భాగం టర్బైన్ ద్వారా తిరిగి విద్యుత్తుగా వస్తుంది.

మరొక అనుకూలత కూడా ఇక్కడ కలిసివచ్చింది, నాకు ఈ రూపకల్పనలో అన్నిటికన్నా నచ్చిన అంశం అదే. టొరాయిడల్ క్షేత్రం కావాలంటే విద్యుత్తు, దానితో పాటు లిథియం, పొలాయిడల్ దిశలో, అంటే వలయపు అడ్డుకోత చుట్టూ, చుట్టి రావాలి. రివర్స్‌డ్ ఫీల్డ్ పించ్ అంచున బలంగా ఉండే క్షేత్రం కూడా పొలాయిడల్ దిశలోనే ఉంటుంది. అంటే ద్రవం బలమైన క్షేత్రపు రేఖల వెంటే ప్రవహిస్తుంది, బలహీనమైన దానికి మాత్రమే అడ్డం పోతుంది. చదరపు మీటరుకు 18 మెగావాట్ల న్యూట్రాన్ భారాన్ని మొదటి గోడ మీద అనుమతించగలిగిన టైటాన్-1 రూపకల్పన వెనుక, వనేడియం మిశ్రలోహపు గొట్టాలలో లిథియంను వేగంగా నడపగలగడం ఒక ముఖ్య కారణం. ఈటర్‌లో ఆ భారం సగటున 0.57 మెగావాట్లే.

ఇక్కడా చిక్కులు తక్కువేమీ కావు. పైన చెప్పిన పొరను ఒకే చుట్టుగా నడిపితే ఒకటిన్నర వోల్టు లోపు వోల్టేజీతో 78 లక్షల ఆంపియర్లను సరఫరా చేయాలి. పన్నెండు భాగాలుగా విడదీసి వరుసగా కలిపితే 6.5 లక్షల ఆంపియర్లు, 16 వోల్టులు అవుతాయి, అది కూడా సామాన్యమైన సరఫరా కాదు. చుట్లు పెంచేకొద్దీ గొట్టాల మధ్య విద్యుత్ బంధకాలు కావాలి, ఆ బంధకాలు న్యూట్రాన్ల మధ్య ఏళ్ల తరబడి నిలవాలి. లిథియం బయటికి వెళ్లి ఉష్ణ వినిమాయకం గుండా తిరిగి వచ్చే దారి కూడా వాహకమే కాబట్టి, కాయిల్‌లో వెళ్లవలసిన విద్యుత్తు ఆ పైపుల వెంట దారి తప్పకుండా చూడాలి. లిథియం నీటితోనూ గాలితోనూ తీవ్రంగా చర్య జరుపుతుంది. అది ట్రిటియంను గట్టిగా పట్టి ఉంచడం వల్ల లీకు భయం తగ్గినా వేరుచేయడం కష్టమవుతుంది. అన్నిటికన్నా పెద్ద షరతు ప్లాస్మా భౌతికశాస్త్రానిది: రివర్స్‌డ్ ఫీల్డ్ పించ్‌లో ప్లాస్మా వేడిని పట్టి ఉంచే సామర్థ్యం ఇంకా రియాక్టర్ స్థాయికి చేరలేదు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| కొలమానం | పూర్తిగా వేరు | ఉప్పు తొట్టి, విడదీయగల కాయిల్ | లోపల రాగి కాయిల్ | బ్లాంకెట్టే కాయిల్ |
|---|---|---|---|---|
| ప్లాస్మా-కాయిల్ దూరం | ఎక్కువ | మధ్యస్థం | అతి తక్కువ | అతి తక్కువ |
| కాయిల్‌లో విద్యుత్ నష్టం | దాదాపు లేదు | కీళ్ల దగ్గర మాత్రమే | ఎక్కువ | క్షేత్రం చిన్నదైతేనే భరించదగినది |
| తగిన టొరాయిడల్ క్షేత్రం | మధ్యస్థం నుంచి ఎక్కువ | చాలా ఎక్కువ | ఎక్కువ, స్వల్పకాలం | ఒక టెస్లాకు లోపు |
| ట్రిటియం ఉత్పత్తికి అనుకూలత | చోటును బట్టి | బాగుంది | బలహీనం | బాగుంది |
| మరమ్మతు | దూరనియంత్రణతో ముక్కముక్కగా | ఒకే ముక్కగా | తరచు మార్పిడి | రెండూ కలిపి మార్పిడి |
| ప్రయోగ అనుభవం | అన్నిటికన్నా ఎక్కువ | కాయిల్‌కు ఉంది, తొట్టికి తక్కువ | రాగి యంత్రాలకు ఉంది | కాగితం మీదే ఎక్కువ |

## ఎవరికి ఏది

మీరు టోకమాక్ విద్యుత్ కేంద్రాన్ని రూపొందించే బృందంలో ఉంటే టొరాయిడల్ కాయిల్‌ను బ్లాంకెట్‌లో కలిపే ప్రయత్నం మీద కాలం వెచ్చించవద్దు. మొదటి రెండు మార్గాల మధ్యే నిర్ణయించుకోండి. ప్రభుత్వ మద్దతుతో, పెద్ద పరిమాణాన్ని భరించగలిగి, నియంత్రణ సంస్థలకు పరీక్షా ఫలితాలు చూపవలసిన బృందానికి మొదటిది క్షేమం. చిన్న యంత్రం త్వరగా నిర్మించాలన్న ఒత్తిడిలో ఉన్న ప్రైవేటు బృందానికి రెండవది సరిపోతుంది. కానీ కరిగిన ఉప్పు రసాయనశాస్త్రంలో పట్టున్నవారు బృందంలో లేకుండా ఆ దారిలో దిగడం ప్రమాదకరం, ఎందుకంటే అయస్కాంతం పరిష్కరించిన చిక్కు రసాయన విభాగానికి బదిలీ అవుతుంది.

వంకర తిరిగిన కాయిళ్లతోనే ప్లాస్మాను పట్టి ఉంచే స్టెల్లరేటర్ పనిలో ఉన్నవారికి దూరం విలువ ఇంకా ఎక్కువ. కాయిల్ దూరమయ్యేకొద్దీ క్షేత్రంలోని సన్నని ఆకృతులు ప్లాస్మా దగ్గరికి చేరేసరికి వేగంగా బలహీనపడిపోతాయి కాబట్టి, వంకర తిరిగిన కాయిళ్లను మరింత వంకరగా చేయవలసి వస్తుంది. అక్కడ బ్లాంకెట్ మందాన్ని చోటును బట్టి మార్చడం ఫలితమిస్తుంది, లిథియంను కాయిల్‌గా వాడటం మాత్రం క్షేత్ర పరిమాణం వల్లే కుదరదు.

రివర్స్‌డ్ ఫీల్డ్ పించ్, స్ఫెరోమాక్ వంటి, బయటి టొరాయిడల్ క్షేత్రం తక్కువగానో అసలు లేకుండానో నడిచే యంత్రాలలో ఆసక్తి ఉన్నవారు నాలుగవ మార్గాన్ని తీవ్రంగా పరిశీలించాలి. టోకమాక్ రూపకర్తలకు కూడా ఇందులో ఒక చిన్న వాటా ఉంది. ప్లాస్మా స్థానాన్ని సరిదిద్దేవీ ప్లాస్మా వ్యర్థాలను బయటికి పంపే డైవర్టర్ దగ్గర క్షేత్రాన్ని మలిచేవీ అయిన చిన్న కాయిళ్లు ప్లాస్మాకు ఎంత దగ్గరగా ఉంటే అంత తక్కువ విద్యుత్తుతో పనిచేస్తాయి, వాటి ఆంపియర్-చుట్లు కూడా టొరాయిడల్ వ్యవస్థతో పోలిస్తే చాలా తక్కువ. స్టైనర్ బృందం 1985లో ఈ భావనను టోకమాక్‌కు అన్వయించినప్పుడు దృష్టి పెట్టింది కూడా పొలాయిడల్ కాయిళ్ల మీదే. అయితే అక్కడ లిథియం బలమైన టొరాయిడల్ క్షేత్రం మధ్య నడుస్తుంది కాబట్టి, దాని దారి వీలైనంతవరకు టొరాయిడల్ దిశలోనే ఉండేలా చూసుకోవాలి, లోపలికి వచ్చే, బయటికి పోయే చోట్ల పీడన నష్టాన్ని విడిగా లెక్కించాలి.

పరిశోధనాంశం వెతుక్కుంటున్న ఎంటెక్, పీహెచ్‌డీ విద్యార్థులకు నా సలహా వేరు. మొత్తం రియాక్టర్‌ను గీయడం కన్నా, ఈ కలయికకు అడ్డుపడుతున్న ఒక్క చిక్కును ఎంచుకోవడం మేలు. విద్యుత్తు మోస్తున్న లిథియం పైపు నుంచి ఉష్ణ వినిమాయకం వైపు దారి తప్పే విద్యుత్తును ఎలా అరికట్టాలన్న ప్రశ్నకు కంప్యూటర్ నమూనాతో పాటు, లిథియానికి బదులు గది ఉష్ణోగ్రతకు దగ్గరలోనే ద్రవంగా ఉండే గాలియం మిశ్రలోహంతో బల్ల మీద అమర్చగల ప్రయోగం కూడా చేయవచ్చు. కొన్ని వందల ఆంపియర్ల సరఫరా, ఒక విద్యుదయస్కాంతం, పీడన మాపకాలు ఉంటే మొదటి కొలతలు తీసుకోవచ్చు. క్షేత్ర దిశను ప్రవాహానికి సమాంతరంగా ఒకసారి, అడ్డంగా ఒకసారి ఉంచి, రెండు సందర్భాలలోనూ పీడన నష్టాన్నీ పక్క పైపులోకి పోయిన విద్యుత్తునూ నమోదు చేయాలి.